అమ్మ విసరని పిండి

మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు పిండి మిల్లును పరీక్షించడానికి వస్తున్నాడని తెలియగానే గిద్దలూరులో రెండు పుకార్లు పుట్టాయి. మిల్లు మూయించడానికి వస్తున్నాడని ఒకటి, కొనడానికి వస్తున్నాడని ఇంకొకటి. జొన్నలు పిండి ఎట్లా అవుతాయో చూడటానికే ఒక చదువుకున్న మనిషి అంత దూరం రైల్లో వస్తాడని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆయనకు జీతమిచ్చే గవర్నమెంటుకు మాత్రం తోచిందంటే అది మద్రాసు గవర్నమెంటు కాబట్టి అనుకున్నాం.

అప్పుడు మేము కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం. గిద్దలూరు నుంచి రాచర్లకు పోయే దారిలో మా పల్లె. నేను మిషన్ బడిలో పంతులమ్మను. కొత్తగా ఉద్యోగం వచ్చింది, తెల్ల చీర కట్టుకున్నాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది ఏమీ లేదన్న నమ్మకంతో తిరిగేదాన్ని. మా నాయన ఆ మిల్లులోనే పని చేసేవాడు. రాళ్ళకు గాట్లు కొట్టడం ఆయన పని. విసిరి విసిరి రాళ్ళు నున్నబడిపోతే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు పై రాయిని ఎత్తి పక్కన పెట్టి, ఉలితో మళ్ళీ సన్నసన్నగా గాట్లు పెట్టాలి.

ప్రొఫెసరు గోదావరి వైపు మనిషి. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. నన్ను కూడా ‘మీరు’ అనేవాడు. మా పల్లెలో నన్ను ‘మీరు’ అన్న మొదటి మనిషి ఆయనే కావడంతో, ఆయన ఏ పని చెప్పినా కాదనలేకపోయాను.

ఆయన పరిశోధన ఏమిటంటే, మిల్లు పిండికీ తిరగలి పిండికీ తేడా ఎంత అని. మిల్లు పిండి ఒంటికి వేడి చేస్తుందని, రొట్టె విరిగిపోతుందని మా ఆడవాళ్ళు అనేవాళ్ళు. అందులో నిజమెంతో జల్లెడలు పట్టి, థర్మామీటరు పెట్టి తేలుస్తానన్నాడు. మిల్లు సంగతి తనే చూసుకుంటాడు. తిరగళ్ళు ఇళ్ళలో ఉంటాయి, అక్కడికి మగమనిషి పోయి కూర్చుంటే బాగుండదు. అందుకని నేను కావలసి వచ్చింది. మా పేటలో ఆరుగురు ఆడవాళ్ళను ఎంచి, సాయంత్రం ఒక్కొక్కరికీ కొలిచి జొన్నలివ్వాలి. మరుసటి రోజు సాయంత్రానికి వాళ్ళు విసిరిన పిండిలో ఒక డబ్బాడు తీసుకుని, మీద పేరు రాసి పంపాలి. మిగిలిన పిండి వాళ్ళదే.

ఆ ఆరుగురిలో మొదటిది మా అమ్మ. మా వైపు తిరగలిని ఇసుర్రాయి అంటారు. అమ్మ పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ దాని ముందు కూర్చున్న మనిషి. ఇంత అనుభవజ్ఞురాలు మద్రాసులో దొరకదని ప్రొఫెసరుకు గొప్పగా చెప్పాను.

మిల్లులో ఆయన పని చూడటానికి జనం పనులు మానుకుని వచ్చేవాళ్ళు. ఆయన దగ్గర పుస్తకం పేజీల్లాగా తెరుచుకునే సన్నటి ఇనుప రేకులు ఉండేవి. రెండు రాళ్ళ మధ్య సందులో ఒక్కొక్క రేకూ దూర్చి, సందు ఎంతుందో రాసుకునేవాడు. మా నాయన గాట్లు కొట్టేటప్పుడు పక్కనే గొంతుక్కూర్చునేవాడు. నాయన ఒక చదునైన చెక్కకు ఎర్రమన్ను పూసి రాయి మీద అటూ ఇటూ లాగేవాడు. ఎక్కడ ఎరుపు అంటుకుంటే అక్కడ రాయి ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఉలితో తట్టి, మళ్ళీ చెక్క లాగేవాడు. రాయంతా ఒకే తీరుగా ఎర్రబడే దాకా వదిలేవాడు కాదు.

“ఇది మేము కాలేజీలో ఇనుముకు చేసే పనేనండీ. అక్కడ నీలం రంగు పూస్తాం,” అన్నాడు ప్రొఫెసరు ఆశ్చర్యంగా.

“మాకు నీలం యాడ దొరుకుతాది అయ్యా,” అన్నాడు నాయన, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

మిల్లు యజమాని మాత్రం ముళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన పెద్ద రైతు. పొలం మీద వచ్చింది ఆయిలు ఇంజను మీద పెట్టాడు. మిల్లు పిండి మంచిది కాదని మద్రాసులో అచ్చేస్తే ఇంజను అమ్మి మళ్ళీ ఎద్దులు కొనుక్కోవాలి.

వారం గడిచింది. ఒక సాయంత్రం ప్రొఫెసరు తను దిగిన గవర్నమెంటు బంగళా నుంచి కబురు పెడితే వెళ్ళాను. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముక్కు మీద, మీసాల మీద పిండి.

“అమ్మాయిగారూ, మీ ఆడవాళ్ళు మామూలు వాళ్ళు కారు. ఆరుగురి పిండీ ఒక్కలాగే ఉంది. మిల్లు పిండికీ వాళ్ళ పిండికీ జల్లెడలో తేడాయే రావడం లేదు. ఆ చేతుల్లో యంత్రానికున్న కచ్చితత్వం ఉంది!”

మా పేట ఆడవాళ్ళను తలుచుకుని గర్వపడ్డాను. అందులో సగం గొప్పతనం పంతులమ్మగా నాదేనని కూడా అనిపించింది.

మరునాడు బడిలో తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. దాహమై నీళ్ళు ముంచుకుంటుంటే, నేను ఎప్పుడూ తొంగిచూడని వెనక వసారా మూలలో ఏదో కొక్కొక్కొమంది. చూస్తే ఇసుర్రాయి మీద పాత గంప, గంపలో మా ఎర్రకోడి. గుడ్ల మీద పొదుగుతోంది. చెయ్యి దగ్గరికి పోనిస్తే పొడవడానికి వచ్చింది. దాని తీరు చూస్తే నిన్నా మొన్నా కూర్చున్నట్టు లేదు.

“అమ్మా, ఈ కోడి ఎన్ని రోజులైంది ఇక్కడ కూర్చుని?”

అమ్మ పెరట్లో నుంచే బదులిచ్చింది. “ఆ, పది రోజులైతాంది. ఏందే?”

“మరి నువ్వు జొన్నలు ఎక్కడ విసురుతున్నావు?”

అమ్మ చేతిలో చీపురు ఆగింది. అబద్ధం ఆడే అలవాటు ఆమెకు లేదు. అడగకపోతే చెప్పే అలవాటు కూడా లేదు.

“నేనెందుకు ఇసురుతానే? మీ నాయన పొద్దున్నే మిల్లుకు పోతాడు గదా. ఆరు మూటలూ ఆయనే మోసుకపోతాండాడు. మిల్లాయన ఊరికే ఆడించి ఇస్తాండాడు. ‘మీ పిండీ నా పిండీ ఒకటే అనిపిస్తే చాలు’ అన్యాడంట.”

ఎందుకు ఆరుగురి చేతులూ యంత్రంలాగా పనిచేశాయో అప్పుడు అర్థమైంది. వాళ్ళు విసరనే లేదు.

“నా పరువు తీసినావు కదమ్మా!” అని ఏడ్చాను.

“నీ పరువుకేమైతాది? నా మోకాళ్ళు చూడు,” అని చీర పైకి లాగి చూపించింది. రెండూ బుడగల్లా ఉబ్బి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆమె విసిరిన పిండి తిని పెరిగినదాన్ని. ఆ మోకాళ్ళను ఆ రోజే చూశాను. ఏడుపు ఆగిపోయింది కానీ సిగ్గు అట్లాగే ఉండిపోయింది, ఎవరి గురించో తెలియకుండా.

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. మిల్లు యజమాని సంతోషిస్తాడు, ప్రొఫెసరు సంతోషంగా రైలెక్కుతాడు, అమ్మ మోకాళ్ళకు విశ్రాంతి. కానీ ‘మీరు’ అన్న మనిషిని మోసం చేయడానికి మనసు ఒప్పలేదు. ఆ సాయంత్రమే బంగళాకు పోయి, వరండా స్తంభం పట్టుకుని అంతా చెప్పేశాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. బల్ల మీద చక్కటి అక్షరాలతో రాసిన కాగితాలు దొంతరగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తిరగేసి బోర్లా పెట్టాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

చివరికి అడిగాడు. “కోడి ఇంకా ఎన్నాళ్ళు పొదుగుతుందండీ?”

“ఇంకో పది పన్నెండు రోజులు.”

“అయితే వేరే తిరగలి చూడాలి,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. మా పేటలోకి అట్లాంటి పెద్దకులాల వాళ్ళు రారు. వస్తే గుమ్మం అవతలే నిలబడతారు. ఆయన లోపలికి వచ్చి నీళ్ళడిగాడు. అమ్మ బిత్తరపోయి నావైపు చూసి, చెంబు ఇచ్చింది. ఆయన తాగి, నెమ్మదిగానే అడిగాడు.

“ఎందుకమ్మా అట్లా చేశారు?”

“అయ్యా, నువ్వు పిండి కావాలంటివి. పిండి ఇచ్చినాం,” అంది అమ్మ. “ఇసరడం కావాలని అడిగింటే అప్పుడే చెప్పిందుము గదా, మాచేత కాదని.”

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. పక్కింటి తిరగలి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తనే విసురుతానన్నాడు. పేటంతా పోగైంది. మొదట గింజలు ఎక్కువ పోశాడు, రాయి కదలలేదు. తరువాత తక్కువ పోశాడు, రాయీ రాయీ రాసుకుని కిరకిరలాడింది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కాసేపటికి కొంగులు అడ్డం పెట్టుకోవడం కూడా మానేశారు. రెండు గుప్పెళ్ళు విసిరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. రాలినది పిండి కాదు, నూక.

“ఇది మా ఎర్రకోడికి పెట్టు అమ్మాయ్,” అంది అమ్మ నాతో. ఆయన కూడా నవ్వాడు.

తరువాత నాలుగు రోజులు పడుచు ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చుని నిజంగానే విసిరారు. నేను పక్కనే కూర్చుని చూశాను. ఈసారి ఏ ఇద్దరి పిండీ ఒక్కలాగా లేదు. అన్నీ మిల్లు పిండికంటే బరకగా, చల్లగా ఉన్నాయి. మిల్లులో రాళ్ళు నున్నబడినప్పుడు పిండి బాగా వేడెక్కుతుందని, నాయన కొత్తగా గాట్లు కొట్టిన రోజున ఆ వేడి తగ్గుతుందని కూడా తేలింది. అది విన్నాక మిల్లు యజమాని కొన్నాళ్ళు నాయనతో ముభావంగా ఉన్నాడు. తరువాత నున్నబడేదాకా ఆగకుండా ముందే గాట్లు కొట్టించడం మొదలుపెట్టాడు.

ఏడాది తిరిగాక ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకం బడికి పోస్టులో వచ్చింది. ఎర్రమన్ను చెక్క గురించి అందులో ఒక పేజీ ఉంది. మొదటి వారం లెక్కల గురించి ఒక్కటే వాక్యం. పిండి ఇచ్చినవారు పరిశోధకుడికంటే తెలివైనవారు కావడం వల్ల వాటిని వదిలివేయవలసి వచ్చిందని. అది అమ్మకు తెలుగులో చెప్పాను.

అమ్మ మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ విన్నది. “ఉన్నదే రాసినాడు. మంచోడే పాపం,” అంది.