హోసుతో కొలిచిన ఇరవై మీటర్లు

ఆ అగ్నిమాపక కేంద్రంలో ఊపిరి మామ ఎవరో తెలియనివాడు లేడు. కొత్తగా చేరినవాడెవడైనా ఉంటే సాయంత్రంలోగా మామే వెళ్లి తెలియజేసుకునేవాడు. "పరుగు కాళ్ల పని కాదురోయ్, ఊపిరి పని. ముక్కుతో తీసుకో, నోటితో వదులు, నడుమ మాట్లాడకు" అని ఆయన ఉపదేశం. ఈ మూడో సూత్రాన్ని ఆయన తప్ప అందరూ పాటించేవారు.

ఫైరింజన్‌లో డ్రైవరు పక్క సీటు మామది. డ్రైవరు స్వయానా ఆయన బామ్మర్ది. సైరన్ మోగించుకుంటూ బండి వీధిలో పోతుంటే మామ మోచెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చేది; మంటల దగ్గరికి పోతున్నాడో ఊరేగింపుకి పోతున్నాడో చూసేవాళ్లకి అర్థమయ్యేది కాదు. బెల్టు పొట్టకి పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది ఆయన విషయంలో ఏళ్లుగా తేలని తగాదా. పొట్ట ఎప్పటికప్పుడు తన వాదన పెంచుకుంటూనే పోయింది.

ఆ సీటుకి ఏడాదికోసారి గండం ఉండేది. షటిల్ పరుగు పరీక్ష. ఆవరణలో ఇరవై మీటర్ల ఎడంతో రెండు గీతలు గీస్తారు. స్పీకర్ డబ్బా కీచుమంటుంది. మళ్లీ కీచుమనేలోగా అవతలి గీత తొక్కాలి, తొక్కి వెనక్కి తిరగాలి. మెట్టు పెరిగేకొద్దీ కూతకీ కూతకీ మధ్య వ్యవధి తగ్గుతుంది. వరసగా రెండుసార్లు గీత అందలేదంటే పక్కకి తప్పుకోవాలి. ఎనిమిదో మెట్టు దాటినవాడు బండెక్కుతాడు. దాటనివాడు ఫోన్ల గదిలో కూర్చుంటాడు. ఆ గదిలో కిర్రుమనే కుర్చీ, విసరని ఫ్యాను, ఎప్పుడూ ఎవరో ఏడుస్తూ ఉండే ఫోను.

లోకంలో వయసుతో పాటు ఊపిరి తగ్గుతుంది. మామకి పెరిగేది. నిరుడు ఎనిమిది దాటితే ఈ ఏడు తొమ్మిది, పైఏడు పది. ఆయన ఒక్కడే కాదు, కేంద్రం మొత్తం అంతే. పాత ఆఫీసరు పదవీ విరమణ చేసే ముందు ప్రశంసాపత్రం అందుకుని, పటం కట్టించి గోడకి తగిలించాడు. పక్క కేంద్రాల వాళ్లు రహస్యం తెలుసుకుందామని వచ్చి, మామ దగ్గర ఊపిరి గురించి గంటల తరబడి విని, ఊపిరాడక వెళ్లిపోయేవారు.

కొలతల సంగతి నాకు మొదటి నుంచీ అనుమానమే. మూర అంటే ఎవరి మూర? అమ్మేవాడి చెయ్యి ఎప్పుడూ పొట్టి, కొనేవాడి చెయ్యి ఎప్పుడూ పొడుగు. రాజ్యాలు సరిహద్దు కోసం కొట్టుకున్నాయని చరిత్రలు రాశారు కానీ, సగం యుద్ధాలు సరిహద్దు కొలిచిన తాడు కోసమే జరిగి ఉంటాయని నా నమ్మకం. దేశాలు పట్టుకు తిరిగాక తేలిందేమిటంటే, మనిషి తన కొలబద్దని మాత్రం ఎన్నడూ కొలుచుకోడు.

ఇక్కడి కొలబద్ద ఒక హోసు. మంటల మీద నీళ్లు కొట్టే గుడ్డ గొట్టం. దాని మీద "20 మీ." అని కంపెనీ ముద్ర ఉండేది. పరీక్ష రోజు మామ దాన్ని నేల మీద పరిచి, ఈ చివర బిగించిన ఇత్తడి కప్లింగు నుంచి ఆ చివరి కప్లింగు దాకా గీతలు గీయించేవాడు. ప్రభుత్వం ఇచ్చిన హోసు, కంపెనీ వేసిన ముద్ర, ఇంకేం కావాలి?

అలా నడుస్తుండగా కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చిన్న గొంతు. పరీక్ష రోజు పొద్దున్నే చేతిలో ఉక్కు టేపుతో ఆవరణలోకి దిగింది.

"అదెందుకు మేడం? మనకి హోసుంది" అన్నాడు మామ.

"ఉండనివ్వండి. ఒకసారి దీంతో కూడా చూద్దాం."

హోసు పరిచారు. పక్కన టేపు లాగారు. హోసు అయిపోయింది, టేపు ఇరవై దాకా ఇంకా పోతూనే ఉంది. మిగిలిన జాగాలో రెండు మంచాలు వేసుకుని హాయిగా పడుకోవచ్చు.

మామ టేపు వంక జాలిగా చూశాడు. "వాడి వాడి సాగినట్టుంది మేడం."

"ఉక్కు టేపండీ. సాగదు."

"అయితే కుంచించుకుపోయి ఉంటుంది. చలికాలం కదా."

బామ్మర్ది గొంతుక్కూర్చుని హోసు చివర పట్టుకుని చూస్తున్నాడు. "బావా, ఇది చిట్లినప్పుడల్లా బాగుచేసింది నువ్వే కదా?"

"నేను కాక ఇంకెవరురా? ఈ కేంద్రంలో కప్లింగు కట్టడం వచ్చినవాడెవడు?"

"ఎలా బాగుచేశావు?"

"ఎలా ఏంటి? కప్లింగు దగ్గరే కదా చిట్లేది. పాడైన ముక్క కోసేసి, కప్లింగు వెనక్కి జరిపి, మళ్లీ తీగ చుట్టడమే."

అంటూ అంటూనే మామ ఆగిపోయాడు. ఆవరణలో ఉన్న మిగతావాళ్లు కూడా నవ్వాలా వద్దా అని ఆఫీసరమ్మ మొహం వంక చూశారు. ముద్ర హోసు నడుమ ఉంది కాబట్టి కత్తి దాని జోలికి పోలేదు. చిట్లినప్పుడల్లా ఓ ముక్క పోయింది, ఓ ముక్క పోయినప్పుడల్లా కేంద్రం ఆరోగ్యం ఓ మెట్టు పెరిగింది. కుండలో గుర్రాలు తోలడం అంటే వినడమే కానీ, కుండని ఏటేటా చిన్నది చేసుకుంటూ తోలినవాణ్ణి నేను ఇక్కడే చూశాను.

మొదట అందరూ హోసు పక్షమే. "మేడం, ఏళ్ల తరబడి వస్తున్న పద్ధతి" అన్నాడొకడు. "పరీక్ష అన్నాక అందరికీ ఒకటే హోసు కదా, అన్యాయం ఎక్కడుంది?" అన్నాడు ఇంకొకడు. ఆవిడ అందరి మాటా విని, సుద్దముక్క తీసుకుని టేపు మీది ఇరవై దగ్గర కొత్త గీత గీసింది.

డబ్బా కూసింది. పరుగు మొదలైంది. మామ కాళ్లకి పాత గీత కంఠస్థం. అక్కడిదాకా పోయి, గీత లేకపోయినా ఠక్కున వెనక్కి తిరిగాడు.

"గీత ఇంకా అవతల ఉందండీ" అంది ఆఫీసరమ్మ.

మామ మళ్లీ తిరిగి పోయాడు. అవతలి గీత దగ్గర కూడా ఇదే కథ. తల గీత దాకా పోదామంటుంది, కాళ్లు ఇంటికి పోదామంటాయి. బామ్మర్ది పక్క నుంచి పరిగెడుతూ, "మాట్లాడకు బావా, ముక్కుతో తీసుకో" అన్నాడు. మామకి తిట్టాలని ఉంది, గాలి లేదు. ఆరో మెట్టులోనే వరసగా రెండు గీతలు తప్పాడు. రొప్పుతూ నీళ్ల తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

మిగతావాళ్లు పది నుంచి ఎనిమిదిన్నరకి పడ్డారు కానీ గట్టెక్కారు. గట్టెక్కాక ఒక్కడూ హోసు మాట ఎత్తలేదు. పొద్దున పద్ధతి అన్నవాడు మధ్యాహ్నం టీ తాగుతూ, "కొలతన్నాక కొలతే కదా" అన్నాడు.

ఆఫీసరమ్మ నెల గడువిచ్చింది. ఇంట్లో మామ జరిగింది చెప్పుకొచ్చాడు. చెప్పేసరికి టేపుదే తప్పయింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని చూశాం" అంది భార్య. "పరిగెత్తలేక టేపు ఓడు అన్నది మీరే మొదలు."

"నువ్వు కూడా మీ తమ్ముడి వైపేనా?"

"వాడు పాసయ్యాడుగా. మీరు పాసవ్వండి, మీ వైపూ ఉంటా."

ఆ నెలంతా మామ ఆవరణలో పరిగెత్తాడు. నిజంగానే పరిగెత్తాడు, ఆ మాట కాదనకూడదు. పొద్దున్నే కొత్త గీత దగ్గరికి పోయి, దాన్ని చెప్పుతో రుద్దినంత కోపంగా తొక్కి, తిరిగి వచ్చేవాడు. బెల్టు ఓ చిల్లు లోపలికి పోయింది. ఉపదేశాలు తగ్గాయి. రెండో పరీక్షలో ఏడో మెట్టు మొత్తం లాగాడు. ఎనిమిదోది సగం దాకా పోయాడు. ఒక గీత అందలేదు. తర్వాతి గీతకి అడుగు దూరంలో ఉండగా డబ్బా కూసింది.

"ఆయన వయసుకి చాలా బాగా పరిగెత్తారు" అంది ఆఫీసరమ్మ. ఆ నెలలో మామని ఎవరూ అంత ఘోరంగా కొట్టలేదు.

మర్నాటి నుంచి ఫోన్ల గది. డ్రైవరు పక్క సీట్లో ఎవరో నవ్వుతూ కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. కట్టెల అడితి తగలబడుతోందని ఎవరో ఆడమనిషి అరుస్తోంది. మామ చిరునామా రాసుకున్నాడు, గంట నొక్కాడు, మైకులో చెప్పాడు. చెప్పింది చాలక వాకిట్లోకి పరిగెత్తి, కదులుతున్న బండి తలుపు పట్టుకున్నాడు.

"మిల్లు దాటాక ఎడమ సందురా. కుడి సందులో బండి పట్టదు."

"తెలుసు బావా."

"వెనక గేటు నుంచి పోండి. గాలి ఎటుందో చూసుకో."

"తెలుసు బావా. తలుపొదులు."

వదిలాడు. బండి సైరన్ వేసుకుని మలుపు తిరిగింది. మామ అక్కడే నిలబడి ఉండేవాడే, కానీ లోపల ఫోను మళ్లీ మోగింది. అదే ఆడమనిషి.

"బయల్దేరారా? ఇంకా రాలేదేంటండీ?"

"బయల్దేరింది తల్లీ, దగ్గర్లోకి వచ్చేసింది. జనాన్ని దూరంగా జరగమను."

"మీరేనా వచ్చేది?"

మామ కుర్చీలో కూర్చున్నాడు. అది కిర్రుమంది. బెల్టు పైకి లాక్కున్నాడు.

"నేను కాదు" అన్నాడు. "నేను పంపించినవాళ్లు."