చెత్త ఫోల్డరూ, మా సిస్టమ్స్ మేడం గారూ

మా సిస్టమ్స్ మేడం గారు పోయారని మొన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో కలిసి పనిచేశాం. నేను తపాలా చూసే గుమాస్తాని, ఆవిడ కంప్యూటర్లు చూసేవారు. నాకంటే చాలా చిన్న. ముందు వెళ్ళాల్సింది నేను. నాకు మాటలు తక్కువ. అయినా ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

సర్వర్ గది బయట చెప్పులు విప్పి గానీ లోపలికి వెళ్ళేవారు కాదు. "దేవుడి గదేంటండీ అది?" అని ఎగుమతి సెక్షన్ కుర్రాళ్ళు ఏడిపించేవారు. "దేవుడైతే దుమ్ము పడినా ఊరుకుంటాడు. ఇది ఊరుకోదు," అనేవారు ఆవిడ. కంప్యూటర్లో ఏదైనా తెలియక, అడగలేక నేను గుమ్మం దగ్గర నిలబడితే, బాబాయి గారూ అని పిలిచి తనే చెప్పేవారు.

అప్పట్లో పనికిరాని మెయిళ్ళు తెగ వచ్చిపడేవి. లాటరీ తగిలిందనీ, మందులు కొనమనీ. ఆవిడ సర్వర్‌లో రెండు ఫోల్డర్లు పెట్టి, మా అందర్నీ చెత్తది ఒకదాంట్లో, మంచిది ఇంకోదాంట్లో వెయ్యమన్నారు. ఆ రెండూ చూసి, ఎలాంటి మాటలుంటే చెత్తో మిషను నేర్చుకుని, తర్వాత తనే పక్కకి తీసేస్తుందట. "మనం చూపించిందే నేర్చుకుంటుంది బాబాయి గారూ. దానికి వేరే బడి లేదు."

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు విదేశంలో మా సరుకు కొనే పెద్ద పార్టీ ఆయన ఫోన్ చేశారు. ఎన్ని ఫిర్యాదులు రాసినా జవాబు లేదు, ఇక వేరే చోట చూసుకుంటామన్నారు. యజమాని గారు మండిపడ్డారు. "రేపు సాయంత్రానికి ఆయన మెయిల్ సరిగ్గా రావాలి. రాకపోతే ఆ మిషనూ వద్దు, మీరూ వద్దు," అనేశారు.

ఆవిడ చెత్త ఫోల్డరు తెరిస్తే ఆయన ఫిర్యాదులన్నీ అందులోనే ఉన్నాయి. సైజు తప్పిందనీ, పెట్టెలు చితికాయనీ ఆయన రాస్తే, జవాబు చెప్పలేక కుర్రాళ్ళే అక్కడ పడేశారు. అది చూసి చూసి మిషను కూడా ఆయన రాసిందల్లా చెత్తే అనుకుంది. కొత్తవి వస్తూనే అటు తోసేసింది.

యజమాని గారికి ఆవిడ ఆ కుర్రాళ్ళ పేర్లు చెప్పలేదు. కుర్రాళ్ళని కూర్చోబెట్టి, "మనకి నచ్చనిది వేరు, చెత్త వేరు నాన్నా," అన్నారంతే. మిషను మళ్ళీ నేర్చుకునేలా ఒక్కొక్కటీ మంచి ఫోల్డరులోకి మార్పించారు. అన్నిటికీ జవాబులు రాయించారు.

"తిట్లు కూడా మంచివేనా మేడం?" అన్నాడొకడు.

"తిడుతున్నారంటే ఇంకా మన దగ్గర కొందామనేరా. మానేసేవాళ్ళు తిట్టరు."

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు కూడా మానేసి అందరం ఆ తెర చుట్టూ చేరాం. ఆయన మెయిల్ వచ్చింది. చెత్తలోకి పోలేదు.

"వచ్చిందండీ బాబాయి గారూ! ఎంత చక్కగా తిట్టారో చూడండి!"

ఆ ఇంగ్లీషు నాకు సగమే అందింది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఒక్కో తిట్టూ తెలుగు చేసి కుర్రాళ్ళకి వినిపిస్తూ, మధ్యమధ్య కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆగకుండా నవ్వుతున్నారు.