దేవుడి కుండలో ఊక

నా చిన్నప్పుడు మా పొయ్యి పక్కన రెండు మట్టికుండలు ఉండేవి. ఒకటి మాది, ఒకటి దేవుడిది. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. మాకు చాలినా చాలకపోయినా ఆ పిడికెడు తప్పేది కాదు. నెల మొదటి ఆదివారం ప్రతి ఇంటి నుంచీ ఆ కుండ గుడికి వచ్చేది. మా తాటాకు గుడిలో బల్ల ముందున్న గంపలో దాన్ని బోర్లించేవారు. పెదపాడు దిగువన, కొల్లేటి అంచున ఉన్న మా పల్లెలో క్రైస్తవులందరిదీ అదే కానుక. అంతకుమించి ఇవ్వడానికి మా దగ్గర ఏముంది గనక!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొల్లేరు పొంగి చేలన్నీ మునిగాయి. ఊళ్ళో పనుల్లేక మా నాన్న తాడేపల్లిగూడెం రైసుమిల్లులో పనికి వెళ్ళాడు. ఆయన తిరిగి రాకముందే అమ్మకు చలిజ్వరం పట్టుకుంది, మా కుండ ఖాళీ అయింది. దేవుడి కుండ మాత్రం నిండుగా ఉంది. అడిగితే అమ్మ ముట్టుకోనివ్వదని తెలుసు కాబట్టి అడగలేదు. రోజూ కాసిని బియ్యం తీసి జావ కాచి, పక్కింటి అక్క ఇచ్చిందని చెప్పి అమ్మ చేత తాగించాను. నేనూ తాగాను, అబద్ధమెందుకు.

ఆదివారం దగ్గరపడేసరికి నాకు భయం పట్టుకుంది. వెలితి కుండ తీసుకెళ్తే అమ్మ పరువు పోతుంది. అందుకని కుండలో సగం పైగా ఊక నింపి, మిగిలిన బియ్యం పైన పరిచాను. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా. కుండ బోర్లిస్తే అడుగుది పైకి వస్తుందన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

అందరి బియ్యం మీదా నా ఊక కుప్పగా కూర్చుంది. సంఘపెద్ద లేచారు. ఆయన మంచివారే, కాకపోతే తప్పు కంటపడితే ఆగలేరు. “దేవుడికి ఊక పోస్తారాండీ? ఈ ఇంటివాళ్ళని ప్రభువు బల్లకి దూరంగా పెట్టాలండీ,” అన్నారు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచీ మా అమ్మ ఆ బల్ల దగ్గర ప్రభువు పేరట ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం ఒక్కసారి కూడా మానలేదు. జ్వరంతో పడి ఉన్న మనిషికి ఈ మాట తెలిస్తే ఏమైపోతుందోనని హడలిపోయాను.

మా పాస్టరుగారు నన్ను గద్దించలేదు. పక్కింట్లోంచి చేట తెప్పించి, గంప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ బియ్యం చెరగడం మొదలుపెట్టారు. మగవాళ్ళు చేట పట్టడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆయనకు చేతకాలేదు కూడా. ఊకంతా ఆయన మీసాలకూ తెల్లకోటుకూ అంటుకుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి ఆయన భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, వచ్చి చేట లాక్కున్నారు. “లేవండీ బాబూ, ఉన్న బియ్యం కూడా పారబోసేలా ఉన్నారు!”

పాస్టరుగారు కోటు దులుపుకుని సంఘపెద్దతో, “మీరన్నది నిజమేనండీ, తప్పు తప్పే. ఎందుకు చేసిందో కూడా కనుక్కుని అప్పుడు మాట్లాడదామండీ. మీరూ రండి,” అన్నారు.

ముగ్గురం బురద గట్టు వెంట మా ఇంటికి వెళ్ళాం. పాస్టరుగారు నా తరఫున ఒక్క మాటా చెప్పలేదు. “నువ్వే చెప్పమ్మా,” అని గుమ్మంలో నిలబడ్డారు. ఏడుస్తూ అంతా చెప్పాను. అమ్మ వణుకుతూ లేచి కూర్చుని, “దేవుడి బియ్యం తిన్నానండీ అయ్యగారూ,” అంటూ గుండెలు బాదుకుంది.

“ఆ బియ్యం నెలనెలా ఉడికేది మా ఇంట్లోనేనమ్మా,” అన్నారాయన. “నా యోగ్యత చూసి పెడుతున్నాడా దేవుడు? ఊరికే పెడుతున్నాడు, తింటున్నాను. నువ్వూ తినమ్మా.”

ఆ బియ్యం ఎవరింటికి వెళ్తాయో నేను అప్పటిదాకా ఆలోచించలేదు. ఆయన కంచంలోనే ఊక పోశానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నావైపు తిరిగి, బియ్యం తీసినందుకు కోపం లేదనీ, ఊక పోసి అందరినీ నమ్మించబోయినందుకు మాత్రం ఉందనీ చెప్పారు. మూడు నెలలపాటు మొదటి ఆదివారం నేను అమ్మగారి పక్కన కూర్చుని కానుక బియ్యమంతా చెరగాలన్నారు. పని అయ్యాక అమ్మగారు చేపల పులుసుతో అన్నం పెట్టేవారు కాబట్టి, అది శిక్షో విందో నాకు ఇప్పటికీ తేలలేదు.

సంఘపెద్ద మా చల్లారిన పొయ్యి వైపు చూసి, వెళ్ళిపోయారు. మధ్యాహ్నం కానుక బియ్యంలోంచి ఒక బుట్టెడు తానే నెత్తిన పెట్టుకొచ్చి మా కుండలో పోశారు. దూరం పెట్టే మాట మళ్ళీ ఎత్తలేదు. తరువాతి ప్రభువు బల్ల సంస్కారం నాడు మా అమ్మకు రొట్టె పళ్ళెం అందించింది ఆయనే. జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న అమ్మకు అందేలా పళ్ళెం కాస్త కిందికి దించి పట్టుకున్నారు.

కృప గురించి ఆ తరువాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, కునుకు తీసినవి పోగా. నాకు అర్థమైనది మాత్రం ఆ రోజు మా గుమ్మంలో విన్నదే. పెద్దయ్యాక మా స్త్రీల సమాజంలో నేనూ పెద్దరికం చేశాను. తప్పు చేసి తలవంచుకుని నా దగ్గరకు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇప్పటికీ వస్తారు. ఎవరు వచ్చినా ముందు కూర్చోబెట్టి అన్నం పెడతాను. తప్పు గురించి వాళ్ళు తిన్నాకే మాట్లాడతాను. అన్నం పెట్టాను కదా అని మాట్లాడకుండా మాత్రం పంపను.