కార్డు అడుగున పేరు

మా సారంగపాణికి లోకంలో ఎవరి భయమైనా ఉందంటే అది మేనమామల భయమే. హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా పెళ్లి కార్డులు కంపోజ్ చేసి అచ్చు వేయిస్తున్నాడు. కార్డు మీద ఎవరి పేరు మరిచినా నాలుగు మాటలతో పోతుంది, మేనమామ పేరు మరిస్తే మాత్రం పందిట్లోనే పంచాయితీ అవుతుందని ఆయన అనుభవం. అందుకే తొమ్మిదేళ్ల కింద ఒకనాడు కూర్చుని, కార్డు మీద ఎవరి పేరు ఎక్కడ రావాలో, ఏ వరసలో రావాలో అంతా రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆయన వెబ్‌సైట్ అలా మొదలైంది.

నాది పక్క దుకాణం. నోట్‌బుక్కులు, పెన్నులు అమ్ముతాను. ఇరుగుపొరుగు సంగతి తెలియకపోతే నాకు తిన్నది అరగదు కాబట్టి ఈ కథ నేను చెప్పడమే సబబు.

సైట్ పేరు ఆయన దుకాణం పేరే, సారంగపాణి ప్రింట్స్. వేసిన ప్రతి కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఆ వెబ్‌సైట్ పేరు వేసేవాడు. ఫోన్ నంబర్ వేసేవాడు కాదు. “నంబర్లు మారుతయన్నా, పేరు ఏడికి పోతది?” అనేవాడు నాతో. ఈ మాట మీరైనా గుర్తుపెట్టుకోండి. అన్నవాడు మరిచిపోయాడు.

ఒక్క విషయంతో ఆగితే ఆయన సారంగపాణి ఎందుకవుతాడు? ములుగు అవతలి అడవి ఊళ్లలో పెళ్లిళ్లకు పోయేవాళ్లు ఏ బస్సు ఎక్కాలి, దిగాక జీపు ఎన్నింటికి ఉంటుంది అని అడిగేవారు. కార్డు మీద అంతా పట్టదు కనుక సైట్‌లో ఒక పేజీ పెట్టాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని అటునుంచి అటే బిడ్డ పెళ్లి కార్డులకు వచ్చే రైతులు, తాలుకాయ ఎలా ఏరాలి, కల్లంలో ఎన్నాళ్లు ఆరబెట్టాలి అని మాట్లాడుకునేవారు. ఆ మాటలనూ టైప్ చేసి పెట్టాడు.

నాలుగో విషయం ఆయన భార్య సుభాషిణిది. దుకాణం వెనక సగంలో ఆమె కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. దారం ఎందుకు తెగుతుంది, కింది కుట్టు ఎందుకు వదులవుతుంది అని ఆమె చెబుతుంటే ఈయన టైప్ చేశాడు. ఆ పేజీ చివర ఆమె నంబర్ ఇచ్చాడు. ఇక ఊళ్ల నుంచి ఫోన్లే ఫోన్లు. “సూది తిప్పి పెట్టినవేమో సూడక్కా” అంటూ సగం మిషన్లు ఫోన్లోనే బాగుచేసేది. మిగతా సగం గోనెసంచుల్లో బస్సెక్కి వచ్చేవి.

ఇంతలో, పోయిన చలికాలం, సారంగపాణి అక్క కొడుకు సాయికిరణ్ హైదరాబాద్ నుంచి దిగాడు. వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే పని నేర్చుకున్నాడు. పిల్లాడు మంచివాడే. చదువు కొత్తగా వంటపట్టినవాడికి కాలు నిలవదు, అంతే.

“మామా, నువ్వెవలో గూగుల్‌కు సమజైతలేదు. పెండ్లిళ్లోనివా, మిర్చోనివా, మెకానిక్‌వా? ఒక్క సైట్‌కు ఒక్కటే ముచ్చట ఉండాలె. నాలుగిటికి నాలుగు పేర్లు పెడదాం” అన్నాడు.

“మంచిగ నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకు?” అంది సుభాషిణి.

“నీకు తెల్వదు, ఊకో” అన్నాడు సారంగపాణి. నాకు ఒళ్లు మండింది. కానీ కొత్త సైట్లు చూపిస్తే, నిజం చెప్పొద్దూ, నా కళ్లూ చెదిరాయి.

వారంలో పని అయిపోయింది. పాత పేరు కింద పెళ్లి కార్డులు మాత్రమే మిగిలాయి. మిర్చి, బస్సులు, మిషన్లు మూడు కొత్త ఇంగ్లిష్ పేర్ల కిందికి వెళ్లిపోయాయి. అవి ఎటు వెళ్లాయో పాత చోట ఒక్క ముక్క కూడా రాయలేదు.

సుభాషిణి ఫోన్ ఆగిపోయింది. మొదటి వారం ఫోనే పాడైందనుకుని నాతో ఒకసారి మోగించుకుని చూసుకుంది. మోగింది. “గూగుల్‌కు టైం వడ్తదట, ఫికర్ జెయ్యకు” అన్నాడు మొగుడు. నెల గడిచింది, రెండో నెల గడిచింది. బల్ల మీద గుట్టలా పేరుకునే మిషన్లు లేవు. ఒక రెడీమేడ్ బట్టల దుకాణంలో, కొన్నవాళ్ల కొలతకు బట్టలు కుట్టి సరిచేసే పనికి మనిషి కావాలన్నారు, ఒకటో తారీఖు నుంచి పోతానంది. ముప్పై ఏళ్ల చేతి పని. స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి రేకు డబ్బాలో సర్దుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. సారంగపాణి కంప్యూటర్‌లోంచి తల ఎత్తలేదు.

ఒకటో తారీఖుకు ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం వేళ, ఒక ముసలామె గోనెసంచి మోసుకుంటూ వచ్చి మెట్టు మీద దించింది. పేరు పూలమ్మ, మరిపెడ దగ్గర పల్లె.

“మిషన్ బిడ్డ ఉన్నదా?” అంది. లోపలి నుంచి సుభాషిణి వచ్చింది. ముసలామె ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

“మంచిగున్నవా బిడ్డా? నేను ఏందేందో అనుకుంటి.”

“ఏమనుకున్నవవ్వా?”

పూలమ్మ సంచిలోంచి ఒక పెళ్లి కార్డు తీసింది. నడుమ తీగకు గుచ్చిన బొక్క ఉంది. మా వైపు ఇళ్లలో కరెంటు బిల్లులు, కార్డులు అన్నీ ఒకే తీగకు గుచ్చి గోడకు వేలాడదీస్తారు.

“మా మనుమరాలు అక్షర పెండ్లికి మీరే అచ్చేసిండ్లు. గీ కింద ఉన్న పేరు ఫోన్ల రాసి మా కోడలు మిర్చి ముచ్చట సూత్తది. బిడ్డ కాడికి పోను ములుగు జీపు గూడ గండ్లనే సూత్తది. మిషన్ ఆగితే నీ నంబర్ గూడ గండ్లనే ఉండె. ఇప్పుడు సూత్తె అన్నీ పెండ్లి కార్డులే. నీ ముచ్చటే లేదు. పాణం మంచిగలేక పని ఇడిసిపెట్టిందో, అసలు ఉన్నదో లేదో అనుకున్న. అడుగుదామంటే నంబర్ లేకపాయె. మిషన్ బాగైనా కాకున్నా, నిన్ను ఒక్కసారి సూసి పోదామనే వచ్చిన.”

సారంగపాణి లేచి వచ్చి కార్డు అందుకున్నాడు. అడుగున తాను వేసిన పేరు చాలాసేపు చూశాడు. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల కార్డులు పోయాయో, ఎన్ని ఊళ్లలో ఎన్ని తీగలకు ఉన్నాయో ఆయనకే లెక్క తెలియదు. మనుషులు వాటిని చూసుకుని వచ్చేవారు. ఆయన గూగుల్ పంపుతుందనుకున్నాడు.

సుభాషిణి తిట్టలేదు. డబ్బా మూత తీసి స్క్రూడ్రైవర్ పట్టుకుంది. “దా అవ్వా, కూసో” అంది.

సారంగపాణి అక్కడే నిలబడి మేనల్లుడికి ఫోన్ చేశాడు. “అల్లుడా, అన్నీ మల్ల పాత పేరు కిందికే తే.”

“గట్లయితే గూగుల్ల...”

“గూగుల్‌కు నేను కార్డు ఇయ్యలేదు రా. అవ్వకు ఇచ్చిన.”

పాత చోట గుర్తు పెట్టకపోవడం తన తప్పేనని సాయికిరణ్ ఒప్పుకున్నాడు, రెండు రోజుల్లో నాలుగింటినీ ఒక్కచోటికి చేర్చాడు. మూడో రోజు పొద్దున సుభాషిణి ఫోన్ మోగింది. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కడికీ పోలేదు.

ఆ వారమే సారంగపాణి ఒక కార్డు ప్రూఫ్ నాకు తెచ్చి ఇచ్చాడు. అచ్చుతప్పులు చూసేది నేనే. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, మేనమామలు, అంతా సరిగ్గా ఉంది. అడుగున వెబ్‌సైట్ పేరు ఉంది. దాని పక్కన కొత్తగా ఇంకో ముక్క ఉంది: కుట్టుమిషన్లకు సుభాషిణి.

ఇరవై రెండేళ్లు ఊరి మేనమామలందరికీ భయపడ్డ మనిషి, పక్కనే పనిచేసే ఆమె పేరు ఒక్క కార్డు మీదా వేయలేదని నాకూ అప్పుడే తట్టింది. సిగ్గేసింది.

“నువ్వే జూపియ్యన్నా” అని తప్పుకున్నాడు.

చూపించాను. సుభాషిణి నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని కార్డు పట్టుకుంది. “ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?” అంది ముందువైపు ఉన్న మొగుడికి వినిపించేటట్టు. తర్వాత, ఎవరి పెళ్లో కూడా చూడకుండా, ఆ కార్డును తన బల్ల పైన ఉన్న తీగకు గుచ్చి పెట్టుకుంది.