దుకాణంలో దొరికిపోయిన గొంతు

మా సేఠ్ దుకాణంలో ఒక రివాజు ఉంది. బయటి ఊరి వ్యాపారి ఎవరొచ్చినా, సరుకు కట్టించాక బట్ట తాన్ల ముందు నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీస్తారు. ఫలానా ఊరి నుంచి వచ్చాను, మాల్ బాగుంది అని ఆ మనిషి నవ్వుతూ చెప్పాలి. సాయంత్రానికల్లా అది ఎన్నో గ్రూపుల్లోకి వెళ్లిపోతుంది. సూరత్ బట్టల మార్కెట్లో దీన్ని ఎవరూ తప్పుపట్టరు.

కంబోడియా నుంచి వచ్చినావిడ మాత్రం ఒప్పుకోలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకుని వద్దంది.

నేను అదే దుకాణంలో కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు చేస్తాను. ఇక్కడే సూరత్‌లోని ఉధ్నాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. ఆవిడకు పెళ్లిబట్టల మీద జరీ, చెమ్కీ పని కావాలి. ఆ పని నాకు అప్పగించారు కాబట్టి కొన్నాళ్లు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాది వచ్చీరాని ఇంగ్లిష్, ఆవిడదీ అంతే. మిగతాది ఫోన్ అనువాదం చేసిపెట్టేది.

ఆవిడ వాళ్ల దేశపు ఖ్మేర్ భాషలో పేరున్న గాయని అని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు పెళ్లిళ్లలో పాడి, తర్వాత రేడియోలో, టీవీలో పాడి, మైదానాలు నిండేంత పేరు తెచ్చుకుంది. పాత వీడియో ఒకటి చూపించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా చేతిలో పని ఆగిపోయింది. ఇప్పుడెందుకు పాడటం లేదని అడిగితే మెడ మీద కుట్టు చూపించింది. గడ్డ తీసిన ఆపరేషన్‌లో గొంతు దెబ్బతింది. మాట వస్తుంది, పాట రాదు. ఈ సంగతి వాళ్ల దేశంలో భర్తకు తప్ప ఎవరికీ తెలియదట. పిల్లల కోసం మానేశానని అందరికీ చెప్పుకుంది. అక్కడి పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆమె పాత పాటలు వేస్తారు. జనానికి ఆ గొంతే గుర్తుండిపోవాలని ఆమె కోరిక. పెళ్లిబట్టలు అద్దెకిచ్చి బతుకుతోంది. ఆ గాయని ఇంటి బట్టలే కావాలని పెళ్లికూతుళ్లు వెతుక్కుంటూ వస్తారు.

శాంపిల్ బట్ట మిషన్ మీంచి దిగిన రోజు, దాన్ని భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. వాళ్ల పెళ్లికూతురు పాటకు తగ్గట్టు మెల్లగా నడుస్తుంది, ఆ నడకలో బట్ట ఎలా ఒదుగుతుందో చూసుకోవాలి. లోపలి గదిలో నేను తప్ప ఎవరూ లేరనుకుని, నడుస్తూ పాడింది. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. ఆగి, దగ్గి, మళ్లీ అందుకుంది. నాకు ఏడుపొచ్చింది.

గాజు తలుపు అవతల నుంచి సేఠ్ పెద్దకొడుకు వీడియో తీశాడని ఆమె విమానం ఎక్కాక నాకు తెలిసింది. ఆమె పేరూ, మా దుకాణం చిరునామా కింద రాసి మరీ వదిలాడు. అది వాళ్ల దేశం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. దయచేసి తీసేయమని ఆమె నాకు మెసేజ్ పెట్టింది. నేను వెళ్లి సేఠ్‌తో గొడవపడ్డాను. ఆయన నింపాదిగా చాయ్ తాగుతూ, జనం మరిచిపోయిన మనిషిని మళ్లీ ఫేమస్ చేశాం, ఆమే మనకు దండం పెట్టాలి అన్నాడు. ఆ వీడియో చూసి కంబోడియా నుంచి కొత్త వ్యాపారులు ఫోన్లు చేస్తున్నారట. ఆమె కోసం నేను చేసిన డిజైనే వాళ్లందరికీ అమ్మాడు. సిగ్గూ శరం లేని మనుషులు. ఆ కొడుకు చివరికి వీడియో తీసేశాడు గాని, అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోనో చేరిపోయింది. ఆమె నాకు మళ్లీ మెసేజ్ పెట్టలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం సూరత్ పక్కనే ఉన్న జోల్వాలో మా అక్క ఇంటికి వెళ్లాను. బావ అక్కడే మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. అన్నం తింటూ ఫోన్ చూసి పడీపడీ నవ్వి, నాకూ చూపించాడు. అదే వీడియో. ఎవరో ఆమె ముఖం మీద గాడిద బొమ్మ అతికించారు. మన తెలుగువాళ్ల గ్రూపులోనే వచ్చిందట.

“గిదేంది బావా, గిట్ల నవ్వుతున్నవ్?” అన్నాను.

“జర నవ్వుకుంటే ఏమైతది? ఆమె ఎవరో మనకు ఎరుకనా?”

“నాకు ఎరుకే.”

ఆమె ఎంత గొప్ప గాయనో చెప్పాను. బావ సరే వినిపించు అన్నాడు. పాత పాట కోసం ఫోన్‌లో ఆమె పేరు కొట్టాను. ముందు ఈ గాడిద వీడియోనే వచ్చింది. దాని కిందా అలాంటివే, ఇంకా కిందా అలాంటివే. వేలు పెట్టి తోస్తూనే ఉన్నాను. పాత పాట దొరికేలోపు బావ చేయి కడుక్కోవడానికి లేచిపోయాడు.