కొండ మీద అత్త ఉపవాసం

మా మేనత్త సూర్యుణ్ణి చూడనిదే మెతుకు ముట్టదు. కంటి ఆపరేషనయ్యి కట్టు విప్పిన పొద్దున ఆస్పత్రి కిటికీలోంచి ఆమెకు మొదట కనిపించింది ఆయనే. ఆ రోజే మొక్కుకుంది. అప్పటి నుంచి ఆయన దర్శనం కాకముందు మంచినీళ్ళు తప్ప ఏదీ ఆమె గొంతు దిగదు. పుదుచ్చేరిలో ఇదేమంత కష్టమైన వ్రతం కాదు. ముత్తియాల్‌పేటలో మా మిద్దె ఎక్కితే చాలు, సముద్రంలోంచి లేచి ఎదురుగా నిలబడతాడు. తుఫాను రోజుల్లో ఒకటి రెండు సార్లు సాయంత్రం దాకా కాచుకుంది, అంతే.

మా వీధిలో పన్నెండు మంది ఆడవాళ్ళం కలిసి రోజూ పారాయణ చేస్తాం. అందరికీ ఇంట్లో తెలుగే, రాసేది మాత్రం తమిళ అక్షరాల్లో. స్తోత్రాలన్నీ ఆ లిపిలోనే నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. మా నాయన దగ్గర కూర్చుని తెలుగు, కొంత సంస్కృతం చదువుకున్నది నేనొక్కదాన్నే. అందుకని ఏ సందేహం వచ్చినా "పుస్తకంలో ఏముండాది?" అని నన్నే అడుగుతారు. నేను ఏది చెబితే అదే వాళ్ళకు శాస్త్రం. అదెంత బరువో నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

రెడ్డియార్‌పాళయంలో మా వాళ్ళే ఒకాయన వ్యాన్ పెట్టుకుని యాత్రలు తిప్పుతాడు. నడిపేదీ ఆయనే, దారి పొడవునా వివరించే గైడూ ఆయనే. దీవులూ కొండలూ కలిపి అయిదు రోజులని చెప్పగానే మా పారాయణ గోష్ఠి మొత్తం బయలుదేరాం.

రెండో రోజు తెల్లవారుజామున ధనుష్కోటిలో రోడ్డు అయిపోయిన చోట నిలబడ్డాం. కుడివైపు అలలు ఎగిరిపడుతున్నాయి. ఎడమవైపు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.

"ఆ నిమ్మళంగా ఉండేది ఆడ సముద్రం, అరిచేది మగ సముద్రం" అన్నాడు గైడు.

"ఆ పేరు పెట్టినోడికి పెళ్ళి కాలేదబ్బా" అంది అత్త. "ఒకసారి మా ఇంటికొచ్చి చూడమను."

నవ్వులు ఆగకముందే ఆ రెండు నీళ్ళ మధ్య నుంచి ఎర్రగా ఆయన వచ్చాడు. అందరం చేతులు జోడించాం. ఎన్నో ఏళ్ళుగా నేను నోటితో చెబుతున్న స్తుతులన్నీ చిన్నపిల్లల మాటల్లా తోచాయి. ఆ తరువాత పడవలో ఒక చిన్న దీవికి వెళ్ళాం. పడవవాడు ఇంజను ఆపి కిందికి చూడమన్నాడు. అడుగున పగడపు దిబ్బలు జింక కొమ్ముల్లా కొమ్మలు వేసి ఉన్నాయి. వాటి సందుల్లో నీలం చేపలు తిరుగుతున్నాయి. ఎవరూ చూడని చోట, ఎవరి మెప్పూ అడగకుండా ఇంత అలంకారం చేసినవాడి ముందు మా పూలదండలు ఏపాటివి అనిపించింది.

మూడో రోజు సాయంత్రం కొడైకెనాల్ ఎక్కేసరికి మంచు. నాలుగో రోజు కళ్ళు తెరిస్తే కిటికీ అవతల తెల్లటి గోడ. గైడు మమ్మల్ని పైన్ చెట్ల తోపులోకి తీసుకెళ్ళాడు. పది అడుగుల అవతల మనిషి కనిపించదు. మొదళ్ళు తప్ప పైకొమ్మలు మంచులో కనిపించని చెట్ల మధ్య నడుస్తుంటే, శిఖరం కనిపించని పెద్ద కోవెల మండపంలో ఉన్నట్టుంది. అంత అందంలోనూ నా కళ్ళు అత్త మీదే ఉన్నాయి. ఆమెకు షుగరు. తిండి లేదు కాబట్టి మాత్ర కూడా వేసుకోలేదు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, సూర్యుడు రాలేదు.

ఐదో రోజు పొద్దునా అదే మంచు. అత్త గోడ పట్టుకుని నడిచి వచ్చి వ్యాన్లో కూర్చుంది. మాలో ఒకామె ఊళ్ళో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల బీచ్ రోడ్డులో నిలబడి ఫోను తూర్పుకు తిప్పింది. చిన్న తెర మీద మా సముద్రం, దాని మీద సూర్యుడు.

"దండం పెట్టుకో పిన్నీ, ఆయనే కదా" అంది ఆ పిల్ల తల్లి.

"ఫోన్లో నీళ్ళు చూపిస్తే దప్పిక తీరుతుందా?" అంది అత్త.

"గరుడసేవ మటుకు ఫోన్లో చూసి చెంపలేసుకోలా నువ్వు?"

అత్త నా వైపు తిరిగింది. "ఏంది పాపా, పుస్తకంలో ఉండాదా? ఉందని నువ్వు చెప్తే తింటా."

వ్యాన్లో అందరూ నన్నే చూశారు. ఉందంటే చాలు, ఆమె ఇడ్లీ తింటుంది, మాత్ర వేసుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను ఏ పుట చూపినా చదవలేని మనిషి ఆమె. ఆమెకు నా నోరే పుస్తకం. అందులో అబద్ధం రాయలేకపోయాను.

"లేదత్తా. నాకు తెలిసినంతలో లేదు."

"ఉందని ఒక మాటంటే ఏం పోయింది అక్కా?" అని గైడు గొణిగాడు.

నేను సంచిలోంచి చక్కెర పొట్లం తీసి చూపించాను. "కళ్ళు తిరిగితే మాత్రం అడగను, నోట్లో పోస్తాను."

"పోసుకో. తెలివి లేనప్పుడు వ్రతం నాది కాదు" అంది అత్త.

ఆ రోజు చెరువులో పడవ షికారు ఉండాలి. ఎవరూ దాని ఊసెత్తలేదు. "తూర్పు పక్క ఒక అంచు ఉంది అవ్వా, యాడన్నా దొరికితే ఆయప్ప ఆడనే దొరకాల" అని గైడు వ్యాన్ తిప్పాడు. అక్కడా తెలుపే. లోయ ఉందని కడ్డీల కంచె చెబితే నమ్మాలి. అత్తను గట్టు మీద కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి పారాయణ మొదలుపెట్టాం. సగంలో ఆమె చెయ్యెత్తి చూపింది.

"అదేంది, పగటిపూట చందమామ?"

మంచు పలచబడిన చోట తెల్లటి బిళ్ళ ఒకటి వేలాడుతోంది. కిరణాలు లేవు, వేడి లేదు.

"ఆయనేనా పాపా?"

"ఆయనే అత్తా."

ఈ మాటకు నాకు పుస్తకం అవసరం రాలేదు. ఆమె చేతులు జోడించి, రెప్ప వాల్చకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. మా మిద్దె మీద అయితే ఒక్క క్షణం చూసి తల దించుకోవలసిందే. కోవెలలో తెర తీస్తేనే దర్శనమని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని నేను. ఇక్కడ ఆయన తెర వేసుకున్నాడు కాబట్టే ఆ ముఖాన్ని అంతసేపు చూడగలిగాం. ఒళ్ళు గగుర్పొడిచి, తరువాతి పాదం నాకు గుర్తు రాలేదు. గోష్ఠిలో ఎవరికీ రాలేదు.

మంచు మళ్ళీ మూసుకుంది. గైడు పరుగున పోయి ఇడ్లీ డబ్బా తెచ్చాడు. మొదటి ముక్క నేనే నోట్లో పెట్టాను. అత్త నములుతూ ఆ తెల్లటి చోటునే చూస్తోంది.

"ఇన్నేండ్లు మొక్కినా, ఆయన ముఖం గుండ్రంగా ఇంత చక్కగా ఉంటుందని నాకు తెలవనే తెలవదు" అంది. ఆపైన గైడుతో, "అట్నే నిలబడ్డావేంది? చట్నీ యాడ పెట్టినావు?"