మెట్ల కింద సీసాలు

బ్రెండా ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని, పైన కోటు కప్పి తెచ్చింది. దాచుకోవాల్సిన వస్తువేం కాదు. ఇంట్లో బీరు కాచుకునే కిట్టు. కొత్తవాళ్ల కోసమని పైన పెద్దక్షరాలతో రాసుంది. మూతున్న ప్లాస్టిక్ బకెట్టు, డబ్బాలో బార్లీతో చేసిన నల్లటి మాల్టు పాకం, పులియబెట్టే ఈస్టు పొట్లం, రబ్బరు గొట్టం, ఓ సన్నటి గాజు పుల్ల. ఇదివరకైతే పక్కింటి జాయిస్‌కి బస్సులోనే విప్పి చూపించేది. ఇప్పుడు జాయిస్ అదే బస్సులో, ముందు సీట్లో కూర్చుని, ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

యార్క్‌షైర్‌లో హాల్‌బీ ఊరంతా బొగ్గు గని మీదే బతికేది. ఏడాది పాటు సమ్మె చేశారు. ఇంకో నెలలో అది ముగుస్తుందనగా బ్రెండా మొగుడు నెవిల్ పనిలోకి వెళ్లిపోయాడు. వెళ్లమని బ్రెండా అనలేదు. వద్దని కూడా అనలేదు. కిటికీలకు ఇనప జాలీ కొట్టిన బస్సులో అతను గని గేటు దాటుతుంటే, చిన్నప్పటి నుంచీ అతని పక్కనే బొగ్గు తవ్విన క్లిఫ్, అంటే జాయిస్ మొగుడు, రోడ్డు పక్కన నిలబడి చూశాడు. అందరూ తిట్టారు. క్లిఫ్ తిట్టలేదు, చూశాడంతే. ఆ వారమే ఎవరో వాళ్ల ఇంటి గేటు మీద తెల్ల రంగుతో 'ద్రోహి' అని రాశారు. ఇంకెవరో ముందుగది కిటికీ అద్దంలోంచి ఇటుకరాయి విసిరారు.

సమ్మె ఓడిపోయి, అందరూ తిరిగి పనిలోకి దిగినా నెవిల్‌తో ఎవరూ మాట్లాడలేదు. గనివాళ్లంతా తాగడానికి చేరే క్లబ్బుకి ఒక్కసారి వెళ్లాడు. గ్లాసు ముందు పెట్టుకున్నాడో లేదో, ఆ బల్ల దగ్గరున్న వాళ్లంతా లేచి వేరే బల్లకి పోయారు. గ్లాసు అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత పని నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే. పెరట్లోని కొట్టంలోకి వెళ్లి ఎంతకీ రాకపోతే, బ్రెండా ఏదో వంక పెట్టుకుని వెళ్లి తలుపు తోసి చూసేది. దేనికి భయపడి చూస్తోందో తనకి తాను కూడా పైకి చెప్పుకోలేదు.

అందుకే ఆ కిట్టు కొంది.

"ఏంటిది?" అన్నాడు నెవిల్.

"బీరు. నువ్వు క్లబ్బుకి పోకపోతే క్లబ్బే ఇంటికొస్తుంది."

"ఎవరు తాగుతారు అంత?"

ఆ ప్రశ్న ఆమె అంతవరకూ వేసుకోలేదు. బకెట్టు నిండా కాస్తే నలభై గ్లాసులవుతుంది. నలభై గ్లాసులు ఒక్కడే కూర్చుని తాగితే ఏమవుతాడు? చేతులారా తనే ఇంకో గోతిలోకి తోస్తోందా? దిగులు పడుతూనే పాకం వేడి చేసి, చక్కెర కలిపి, చన్నీళ్లు పోసి, గోరువెచ్చగా అయ్యాక ఈస్టు చల్లింది. బకెట్టుకి దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టింది.

మర్నాడు మూత తీస్తే నురగ లేదు. ఆ మర్నాడూ లేదు. బురద నీళ్లలా కదలకుండా ఉంది.

"చచ్చిందే అది. పారబోయి," అన్నాడు నెవిల్.

"పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పెట్టాను. ఇంకొంచెం చూద్దాం," అంది. బీరు కోసం ఏడుపు రావడమేంటని తన మీద తనకే కోపమొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతుంటే నెవిల్ పిలిచాడు. బకెట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూతకి చెవి ఆనించి ఉన్నాడు.

"ఇలా రా. విను. బుసబుసమంటోంది."

ఆ ముఖం అలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో. ఆ రోజు నుంచి పని నుంచి రాగానే బూట్లు విప్పకుండా ముందు బకెట్టు దగ్గరికి పోయేవాడు. బ్రెండాకి కాస్త ఊపిరాడింది.

అంతలోనే ఇంకో తంటా వచ్చి పడింది. గాజు పుల్లను కడుగుతుంటే అది చేతిలోంచి జారి సింకులో ముక్కలైంది. బీరులో దాన్ని తేలేస్తే, ఎంత లోతు మునిగిందో చూసి పులియడం పూర్తయిందో లేదో తెలుసుకోవాలి. అది లేకపోతే గుడ్డిగా అంచనా వేయడమే. నెవిల్‌కి చెబితే ఉత్సాహమంతా పోతుందేమోనని ముక్కలు కాగితంలో చుట్టి పారేసింది. ఆ వారం చలి ఎక్కువై నురగ అణిగింది. అది చూసి, "అయిపోయింది, సీసాల్లో పోసేద్దాం," అంది.

"పుల్ల పెట్టి చూశావా?"

"చూశా."

సీసాలు నింపి, పొంగు కోసం ఒక్కోదాంట్లో కాస్త చక్కెర వేసి, మూతలు బిగించి మెట్ల కింద అరలో వరసగా పేర్చారు. ఆ అబద్ధం బ్రెండా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అర ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నడక దానంతటదే తొందరయ్యేది.

మే నెలలో ఒక ఆదివారం ఉన్నట్టుండి ఎండ కాసింది. ఇల్లంతా వేడెక్కింది. మాంసం ఓవెన్‌లో ఉంది, నెవిల్ కుర్చీలో ఉన్నాడు. ధడేల్‌మని చప్పుడు, వెంటనే గాజు పగిలిన చప్పుడు. నెవిల్ చేతులతో తల కప్పుకుని నేలకి వంగిపోయాడు. బ్రెండా కిటికీ వైపు చూసింది. అద్దం బాగానే ఉంది. ఇంకోసారి పేలింది.

పెరటి తలుపు విసురుగా తెరుచుకుంది. గోడ దూకొచ్చిన క్లిఫ్ బొగ్గు పార ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కాళ్లకి చెప్పుల్లేవు.

"ఎవడు? ఎటు పోయాడు?" అని అరిచాడు. తుపాకీ అనుకున్నాడో, మళ్లీ ఇటుక అనుకున్నాడో.

బదులుగా మెట్ల కింద ఇంకొకటి పేలింది. తలుపు కిందనుంచి నురగ బయటికి పాకింది. క్లిఫ్ పార దించి, వంగి వాసన చూశాడు.

"బీరా?"

"బీరే," అంది బ్రెండా.

క్లిఫ్ నాన్న కూడా ఇంట్లో బీరు కాచేవాడు. నెవిల్ వైపు చూడకుండానే అడిగాడు. "బ్రెండా, పుల్ల పెట్టి చూశాడా మీ ఆయన?"

ఆమె చేతులు తడి లేకపోయినా ఏప్రన్‌కి తుడుచుకుంది. "పుల్ల పగిలింది. నేనే పగలగొట్టా. చూశానని ఆయనకి అబద్ధం చెప్పా."

నెవిల్ నేల మీదనుంచి తలెత్తి ఆమె వైపు చూశాడు.

"అయితే సీసాల్లో ఇంకా పులుస్తూనే ఉంది. లోపలున్నవన్నీ బాంబులే," అన్నాడు క్లిఫ్ ఆమెతోనే. "ఒకటి పేలితే పక్కదాన్ని లేపుతుంది. మీ ఆయన్ని హెల్మెట్ పెట్టుకోమను. మందం కోటు వేసుకోమను. నాకూ ఒకటి ఇవ్వమను."

నెవిల్ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆ మాటలన్నీ బ్రెండా తిప్పి చెప్పనక్కర్లేదు గానీ చెప్పింది. ఇద్దరూ గని హెల్మెట్లు పెట్టుకుని, చెత్తడబ్బా మూతలు అడ్డం పెట్టుకుని, తడి తువ్వాలు కప్పి ఒక్కో సీసానే పెరట్లోకి మోశారు. మూత వదులు చేయగానే బీరు గోడ ఎత్తున ఎగజిమ్మేది. బ్రెండా వంటింటి గుమ్మంలో తువ్వాళ్లు తడిపి అందిస్తూ నిలబడింది. గోడ అవతల జాయిస్ స్టూలెక్కి చూస్తోంది.

"ముసలాడా, కళ్లు జాగ్రత్త!" అని మొగుడి మీద అరుస్తోంది. "కళ్లు పోతే నీకు నేను చాకిరీ చెయ్యలేను!"

ఒక సీసాను నెవిల్ గడప దాటిస్తుండగా తువ్వాలు జారి, లోపల నురగ పైకి పాకడం క్లిఫ్ కంటబడింది.

"ఒరేయ్ నెవిల్, పారెయ్! వంగరా!"

నెవిల్ విసిరి వంగాడు. సీసా గాల్లోనే పేలింది. గాజు ముక్కలు హెల్మెట్ మీద వడగళ్లలా రాలాయి. ఒక ముక్క చేతి వెనక చీరింది. క్లిఫ్ అతని చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు.

"లోతుగా లేదు. కట్టుకో," అన్నాడు. ఆ తర్వాత ఏదైనా నెవిల్‌కి నేరుగానే చెప్పాడు.

అన్నీ అయ్యాక చూస్తే సగం సీసాలు మిగిలాయి. బ్రెండా మూడు గ్లాసుల్లో పోసి గోడ మీద పెట్టింది. జాయిస్ ఒకటి తీసుకుని గుక్కెడు తాగి, "తియ్యగా ఉందే, పిల్లలకి పోసేలా," అని మిగతాది కూడా తాగేసింది. క్లిఫ్ తన గ్లాసు వైపు చూశాడు.

"నీతో కూర్చుని తాగలేనురా," అన్నాడు మెల్లగా. "నీ మీద పగ లేదు. కానీ ఆ బస్సు గుర్తొస్తే మింగుడు పడదు నాకు."

"తెలుసు," అన్నాడు నెవిల్.

క్లిఫ్ హెల్మెట్ తీసి గుమ్మంలో పెట్టి, ఈసారి గోడ దూకకుండా గేటులోంచి నడిచి వెళ్లాడు.

నేల కడుగుతూ బ్రెండా మొగుడి మాట కోసం చూసింది. పుల్ల సంగతి అడుగుతాడని, ఎందుకు దాచావంటాడని. నెవిల్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "నేను కొట్టంలో ఉంటే నువ్వొచ్చి తొంగి చూస్తావు కదా," అన్నాడు. "చూడు. తలుపు తియ్యి, లోపలికి రా. బయటే నిలబడకు."

ఆ శరత్కాలంలో గని మూసేశారు. క్లిఫ్ బస్సు డ్రైవరయ్యాడు. నెవిల్‌కి పాల బండి తోలే పని దొరికింది. క్లబ్బుకి అతన్ని ఎవరూ పిలవలేదు, అతనూ పోలేదు. జాయిస్ మాత్రం మునుపటిలా పెరటి తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేది. నెవిల్ కొత్త గాజు పుల్ల కొని మళ్లీ కాచాడు. భయంతో సీసాల్లో చక్కెర వేయనే లేదు. ఆ బీరులో పొంగూ లేదు, నురగా లేదు. చల్లారిన టీలా ఉంది. అతను అదంతా తాగాడు, రోజుకొకటి, బ్రెండాకి కూడా ఓ గ్లాసు పోసి.